క్లిప్పు ఎవరి దగ్గరుంది?

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలితో పాటు, దాని పలక మీదే. అందుకని నా ఒత్తులు ఒక్కోసారి ఉండాల్సిన చోట ఉండవు. రాయడం కూడా నత్తనడకే. పోయిన వారం భాగం అందలేదని కోప్పడినవాళ్లు మన్నించాలి. పిల్ల కనిపించని చోట కథ ఆపుకుని కూర్చుంటే నాకూ చెయ్యి సాగలేదు.

కథ మెట్ల దగ్గర ఆగింది. చీకటి పడబోయే వేళ వీధికి ఆ చివర నుంచి ఆ రోజు సెలవులో ఉన్న లిఫ్టు మెకానిక్ బ్యాడ్మింటన్ బ్యాటు ఊపుకుంటూ వచ్చాడు. ఈ చివర నుంచి అతని భార్య వచ్చింది. లాండ్రీలో ఇస్త్రీ మెషీను మీద పనిచేసే మనిషి. ఒంటికి శాలువా కప్పుకుని, దాని మీద నుంచి సంచి వీపుకి వేలాడేసుకుంది. ఇద్దరి మొహాల్లోనూ చాలా రోజులకి తీరిక దొరికిన కళ. ఇద్దరూ ఒంటరిగా వచ్చారు.

"ఉడత ఏది?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఉడత వాళ్ల కూతురు. నాలుగు నిండి అయిదు నడుస్తోంది. నిలవమన్న చోట నిలవదని తండ్రి పెట్టిన పేరు.

"నీతో లేదా?" అంది ఆమె.

"నాతో ఎందుకుంటుంది? నువ్వు తీసుకెళ్లావుగా!"

"నేనా? నేనొచ్చేసరికి ఇంటికి తాళం వేసుంది. గుమ్మం దగ్గర దాని చెప్పులు లేవు. ఆటకి తీసుకెళ్లావనుకున్నా."

"తమాషాలొద్దు. స్నానం చేసి వచ్చేసరికి కుర్చీ మీద చొక్కా ఉంది, చొక్కాకి క్లిప్పు లేదు. పిల్లా లేదు. నువ్వొచ్చి తీసుకెళ్లావనుకోకపోతే ఇంకేమనుకోవాలి?"

"నేను ఇంట్లో అడుగే పెట్టలేదు. మెషీను పాడై ఇవాళ ఆలస్యంగా వదిలారు."

అతని చేతిలో ఊగుతున్న బ్యాటు ఆగిపోయింది.

కొత్తగా చదివేవాళ్లకు ఆ క్లిప్పు సంగతి చెప్పాలి. అది ఆరేసిన బట్టలకు పెట్టే చెక్క క్లిప్పు. స్ప్రింగు వదులైందని లాండ్రీలో పారేస్తే ఆమె ఇంటికి తెచ్చి, సీసా అడుగున మిగిలిన ఎర్ర గోళ్లరంగు పూసింది. ఉడత పుట్టాక పిల్లను పసివాళ్లని చూసే కేంద్రంలో వదలడమంటే ఒకరి జీతం అక్కడికక్కడే దానికి పోసినట్టని తేలింది. అందుకని మొగుడూ పెళ్లాలు షిఫ్టులు పంచుకున్నారు. ఆమె తెల్లవారకముందు మెట్లు దిగుతుంది, మధ్యాహ్నం దాటాక ఎక్కుతుంది. ఆమె ఎక్కుతుంటే అతను దిగుతాడు. జీతాలు రెండూ నిలబడ్డాయి. నిద్ర మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కరిది మిగిలింది.

సెలవు రోజున ఇద్దరూ ఇంట్లో ఉంటే మరీ కష్టం. ఇద్దరూ చూస్తున్నట్టే ఉండేది, ఎవరూ చూసేవారు కాదు. ఒకసారి ఉడత కిటికీ గట్టు మీదికెక్కి కూర్చుంది. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అని ఒకరూ, "నువ్వు చూస్తున్నావనుకున్నా" అని ఒకరూ. ఆ రోజే క్లిప్పు వచ్చింది. క్లిప్పు ఎవరి బట్టకుంటే పిల్ల వాళ్లది. లేనివాళ్లు నిజంగా ఖాళీ. వాళ్లని మేజోళ్లెక్కడున్నాయని అడక్కూడదు. ఇల్లు తగలబడితే తప్ప ఫోన్ చెయ్యకూడదు. అవతలివాళ్లు అడక్కుండానే వచ్చి మన మీది క్లిప్పు తీసుకుంటే అది కానుక కింద లెక్క, నోరు మూసుకుని పుచ్చుకోవాలి.

ఇవాళ్టి కానుకను ఇద్దరూ నోరు మూసుకునే పుచ్చుకున్నారు.

మెట్లు మూడంతస్తులూ అతను పరుగెత్తుకెళ్లి తలుపు తీశాడు. మంచం కింద, అలమారలో, బాల్కనీలో నీళ్ల డ్రమ్ము వెనక చూశాడు. డ్రమ్ము మూత ఎత్తే ముందు మాత్రం అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. లోపల నీళ్లే ఉన్నాయి. ఆమె కింద ఒక్కో తలుపూ కొడుతూ "మా ఉడత వచ్చిందా?" అని అడుగుతోంది. ఎవరి ఇంటికీ రాలేదు.

"తలుపు గడియ ఎవరు తీశారు?" అంది పైకి వచ్చి.

"నేను వెయ్యలేదు. నువ్వొచ్చే టైమయిందని తీసే ఉంచాను."

"స్నానానికి వెళ్తూ తలుపు తీసి ఉంచావా?"

"మరి నువ్వు తాళం చూసినప్పుడు ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఖాళీలో ఉన్నదాన్ని నేనెందుకు చేస్తాను? క్లిప్పు ఉన్నవాడివి నువ్వు."

"నా దగ్గర లేదని చెప్తున్నా కదే!"

"నా దగ్గరా లేదు!"

గోడకున్న అద్దంలో ఇద్దరూ కనిపిస్తున్నారు. ఇద్దరి బట్టలకీ ముందువైపు ఏమీ లేదు.

ఆ మాటలు కింద కుట్టు మిషను దాకా వినిపించాయి. వీధి మలుపులో దుకాణం పెట్టుకున్న టైలరమ్మ మెడలో టేపుతోనే గబగబా వచ్చింది. అందరికీ పిన్నే ఆవిడ. "ఏంటమ్మాయ్ ఆ అరుపులు? దుకాణంలో దారం తెగిపోయింది."

"ఉడత కనిపించడం లేదు పిన్నీ!"

"కనిపించకపోవడమేంటి? నీతోనే వచ్చిందిగా!"

ఆమె గోడకు చెయ్యి ఆనించింది. "నాతోనా?"

"మధ్యాహ్నం నా దుకాణం మెట్టు మీద కూర్చుంది. ఎవరితో వచ్చావే అంటే గౌను మీద ఎర్ర క్లిప్పు చూపించింది. 'ఇవాళ నన్ను నేనే చూసుకుంటున్నా' అంది. ఆరిందా మాటలు చూడమని నవ్వుకున్నా. కాసేపటికి నువ్వు బస్సు స్టాపు వైపు పోతున్నావు. ఇది టక్కున లేచి నీ వెనకే వచ్చింది. తల్లీకూతుళ్లు షికారుకి పోతున్నారనుకున్నా గానీ..."

"నన్ను పిలవలేదే! అమ్మా అని ఒక్కసారి కూడా పిలవలేదు."

"పిలవకపోవడమే చూసి నేనూ ఏమనలేదమ్మా. కావాలనే దొంగలా నడుస్తోంది. దాగుడుమూతలేమో అనుకున్నా." టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఊరికే అన్నారా, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని..." అనేసి, వెంటనే నాలుక కరుచుకుని తన నోటి మీద తనే కొట్టుకుంది. "నా నోరు పడ! ఆ మాట నాది కాదు. పదండి పదండి, స్టాపు దగ్గర అడుగుదాం."

ముగ్గురూ వీధిన పడ్డారు. టైలరమ్మ మోకాళ్ల నొప్పితో వెనకబడింది. అతను కాలు కాలిన పిల్లిలా ప్రతి దుకాణంలోకీ దూరి వస్తున్నాడు. అంతలోనే ఏదో తట్టినట్టు భార్య ముందు ఆగాడు.

"అయితే నువ్వు స్టాపుకెందుకు వెళ్లావు? పిన్ని దగ్గర కటింగ్ నేర్చుకుంటున్నా అన్నావుగా?"

ఆమె నడక ఆపలేదు. "నేర్చుకోవడం లేదు. బస్సెక్కుతున్నా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. చుట్టు బస్సు. ఎక్కిన చోటే దిగుతాను."

"ఏ పనీ లేకుండానా?"

"నువ్వు ఆ ఈకల బంతిని అటూ ఇటూ కొడితే ఏం పనవుతోంది?"

"నేను చెప్పి వెళ్తాను. నువ్వు అబద్ధం చెప్పి వెళ్లావు."

"నువ్వు ఆటంటే అందరికీ అర్థమవుతుంది. నేను కిటికీ పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటానంటే నువ్వేమనేవాడివి? 'ఊరికే తిరిగే బదులు ఆ కాసేపు పాపని చూసుకోరాదూ' అనేవాడివి. అనవా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

 ఆ మాటే అతని నాలుక చివర ఉంది.

ఆమె ఖాళీ టైము గురించి మీకు మొదటి భాగాల్లో రాశాను. క్లిప్పు మొగుడికిచ్చి బయటికొచ్చిన కొత్తలో ఆమెకు దొరికిన ఆ గంటతో ఏం చెయ్యాలో తెలియలేదు. కూరలు కొనుక్కొచ్చింది, తెగిన చెప్పులు కుట్టించుకొచ్చింది. ఇంటి పని వీధిలో చేస్తే ఖాళీ ఎలా అవుతుందే పిచ్చిదానా అని నవ్వింది టైలరమ్మే. అప్పటినుంచి బస్సు. పొద్దున్నుంచి ఆవిరిలో ఉడికిన మొహానికి కిటికీ గాలి తగిలితే చాలు. ఒక చుట్టు తిరిగేసరికి మళ్లీ "అమ్మా" అని పిలిపించుకునే ఓపిక వచ్చేది. అంతకుమించి దాచుకున్న రహస్యమేమీ లేదు. కానీ ఉడతకు ఆ సంగతి తెలుసు. ఒకసారి తండ్రి ఆటకు పోయినప్పుడు పిల్లను కూడా ఎక్కించుకుని, "ఇది అమ్మ బస్సు. అమ్మకి ఖాళీ ఉన్నప్పుడు ఎక్కుతుంది. నాన్నకి చెప్పకు" అని చెప్పింది. పిల్ల చెప్పలేదు. చెప్పిన మాట వినని ఉడత ఆ ఒక్క మాటా విన్నది.

"నేను నీకోసం ఎన్ని ఓవర్‌టైములు వదులుకున్నానో తెలుసా?" అన్నాడతను వెనకనుంచి. భయంలో ఉన్న మనిషికి చేతికందిన రాయి ఏదైతే అదే విసురుతాడు.

"నేను సూపర్‌వైజర్ పని వదులుకున్నాను. ఇస్తామన్నారు. షిఫ్టు మారుతుందని వద్దన్నాను."

అతను ఆగిపోయాడు. "ఎప్పుడు? నాకు చెప్పలేదేం?"

"చెప్తే దానికి బదులు నీ దగ్గర ఏదో ఒకటి తీసుకోవాల్సొచ్చేది. నీ ఆటైనా, నీ నిద్రైనా. బేరాలాడి ఆడి విసుగెత్తిపోయింది నాకు."

ఆ మాటకు ఇంకో రోజైతే పెద్ద గొడవయ్యేది. ఇవాళ అతను ఫోన్ తీసి పోలీసులకు చేశాడు. అవతలి గొంతు నెమ్మదిగా అడుగుతోంది. వయసు చెప్పాడు. గౌను రంగు కోసం భార్య వైపు చూస్తే ఆమె అతని వైపే చూసింది. తెల్లారకముందు వెళ్లిన మనిషికి పిల్ల ఏ గౌను వేసుకుందో ఎలా తెలుస్తుంది? "పసుపు... పసుపుపచ్చదే" అన్నాడు గుర్తు తెచ్చుకుని.

"ఆ టైములో పాప ఎవరి దగ్గరుంది సార్?" అంది గొంతు.

అతను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"సార్? ఎవరి దగ్గరుంది?"

"ఎవరి... అదే చెప్తున్నానండీ. మేమిద్దరం..."

"ఇద్దరి దగ్గరా ఉందా?"

"లేదు."

స్టాపు దగ్గరికొస్తే బయల్దేరిన పోలీసులు కలుస్తారని చెప్పి ఆ గొంతు పెట్టేసింది. అతను ఫోన్‌ని అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే అర్ధరాత్రి అయినా నిబ్బరంగా వెళ్లి తలుపు తీసే మనిషి. ఇప్పుడు అతనికి ఏ తలుపు తియ్యాలో తెలియలేదు.

స్టాపు పక్క టీ కొట్టులో, డ్యూటీ దిగిన కండక్టర్ బల్ల మీద కాళ్లు చాపుకుని గ్లాసు ఊదుకుంటున్నాడు. చుట్టు బస్సు కండక్టర్. ఆమెను చూడగానే నవ్వాడు.

"ఏమ్మా కిటికీ అమ్మా, మళ్లీ ఎక్కుతావా? ఇక ట్రిప్పుల్లేవు. మీ బుజ్జిది ఏది, నిద్రపోయిందా?"

ఆమె గబగబా బల్ల దగ్గరికి వచ్చింది. "అన్నా, పాపని చూశావా?"

"చూశావా అంటావేంటి? నీతోనే ఎక్కిందిగా. నువ్వు ముందు తలుపులో ఎక్కావు, అది వెనక తలుపులో ఎక్కింది. ఎవరో పెద్దాయన చెయ్యందించాడు. సరిగ్గా నీ వెనక సీట్లో కూర్చుంది."

"నా వెనకా?"

"నీ వెనకే. పక్కన కూర్చోవేమే, తల్లితో అలిగావా అన్నాను. వేలు పెదాల మీద పెట్టుకుంది. 'ష్! మా అమ్మకి ఇప్పుడు ఖాళీ టైము. పిలవకూడదు' అంది. భలే పెంచావమ్మా అనుకున్నా. మా పిల్లలు నేను అన్నం తింటుంటే మెడకి వేలాడతారు."

టీ కొట్టువాడు నవ్వబోయి, వాళ్ల మొహాలు చూసి ఆగిపోయాడు.

ఆమెకు ఆ బస్సు అంతా కళ్లకు కట్టింది. కిటికీ. గాలి. ఒళ్లో చేతులు. కళ్లు మూసుకుని వెనక్కి జారగిలబడిన తను. అరచేయంత దూరంలో, ఇనుప కమ్మీకి గడ్డం ఆనించి, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కూర్చున్న పిల్ల. తను ఒక్కసారి తల తిప్పినా సరిపోయేది.

"తర్వాత?" అన్నాడు మెకానిక్. "దిగిందా? ఈవిడ దిగినప్పుడు దిగిందా?"

కండక్టర్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "దిగలేదా? జనం తోసుకుంటున్నారు, నేనూ డ్యూటీ అప్పజెప్పి ఇక్కడే దిగాను. ఈవిడ దిగడం చూశాను. పిల్ల కూడా దిగే ఉంటుందనుకున్నా." అతనూ అదే మాట అన్నాడు, అనుకున్నానని. ఆ రోజు అనుకోని వాళ్లెవరూ లేరు.

కండక్టర్ వెంటనే ఫోన్ తీసి బస్సులో ఉన్న కొత్త కండక్టర్‌కి చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. "డ్యూటీలో ఎత్తకూడదమ్మా మాకు, రూలు" అన్నాడు మొహం పక్కకి తిప్పుకుని. "కంగారు పడకండి. ఆఖరి చుట్టు అయిపోయి డిపోకి పోయేటప్పుడు ఈ దారినే వెళ్తుంది. ఇంకా వెళ్లలేదు. వచ్చే వేళే. పాప ఫోటో ఉంటే ఇటివ్వండి, డిపోకి పంపిస్తా."

ఆమె సంచి భుజం మీద నుంచి లాగి, లోపల ఫోన్ వెతకసాగింది. ఆమె వెనక నిలబడ్డ టైలరమ్మ, అప్పుడే రొప్పుతూ వచ్చినావిడ, "అమ్మాయ్" అంది.

"ఉండు పిన్నీ."

"అమ్మాయ్, నీ వీపు."

శాలువా వెనక అంచుకి, ఇంతసేపూ సంచి కింద పడి కనబడకుండా, ఎర్ర క్లిప్పు వేలాడుతోంది. స్ప్రింగు వదులైన క్లిప్పు. పట్టినట్టే తెలియదు.

కండక్టర్ నుదురు కొట్టుకున్నాడు. "అదా! మధ్యలో ఎప్పుడో ముందుకు వంగి నీ శాలువాకి ఏదో తగిలిస్తుంటే చూశాను. అల్లరి చేస్తోందనుకున్నా. అప్పటికి దానికి నిద్రొస్తోంది, కళ్లు వాలిపోతున్నాయి."

నిద్రొచ్చింది. ఇక తనను తాను చూసుకోలేదు. అందుకని ఇంట్లో రోజూ ఎలా చేస్తారో అలాగే చేసింది. డ్యూటీ అప్పజెప్పింది.

మెకానిక్ చెయ్యి చాపాడు, ఆ క్లిప్పు తీసి తన చొక్కాకి పెట్టుకుందామన్నట్టు. అది ప్రేమో, పశ్చాత్తాపమో, అలవాటో అతనికే తెలియదు. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ముట్టుకోకు. అది నాకిచ్చింది."

"నేను కూడా..."

"నువ్వు కూడా కాదు. నేను కూడా కాదు. క్లిప్పు నా మీద ఉంది. మెట్ల దగ్గర నీతో కొట్లాడినప్పుడూ నా మీదే ఉంది." ఆమె గొంతు చిత్రంగా నెమ్మదించింది. "నీకు అర్థం కావడం లేదా? అది ఏడవదు. అమ్మ తప్పిపోయిందని దానికి తెలియదు. క్లిప్పు అమ్మకిచ్చాను, అమ్మ చూసుకుంటోంది అనుకుంటుంది. మెలకువొచ్చినా సీట్లో బుద్ధిగా కూర్చుంటుంది. ఏడ్చే పిల్లనైతే ఎవరో ఒకరు చూస్తారు. ఏడవని పిల్లని ఎవరు చూస్తారు?"

అంతలో మలుపులో రెండు దీపాలు వెలిగాయి.

"అదే! అదే బస్సు!" అని కండక్టర్ రోడ్డు మధ్యకి దూకి రెండు చేతులూ ఊపాడు. మెకానిక్ బ్యాటు పైకెత్తి ఊపాడు. టైలరమ్మ మెడలోని టేపు ఊపింది. బస్సు దగ్గరికి వచ్చింది. నుదుటి బోర్డు మీద ఒక్కటే మాట, డిపో. లోపల దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. ఎక్కడానికి ఎవరో ఎగబడుతున్నారనుకుని డ్రైవరు లేదు లేదన్నట్టు చెయ్యి ఆడించి, వాళ్లని తప్పించి, పక్కకి కోసుకుని ముందుకు పోయాడు.

చీకటి కిటికీలు ఒకదాని వెంట ఒకటి ఆమె ముందు నుంచి జారిపోయాయి. తను కూర్చున్న కిటికీ వచ్చింది. దాని వెనక కిటికీ వచ్చింది. అద్దం వెనక ఏదో పసుపుపచ్చగా ఉందో, వీధి దీపం నీడో ఆమెకు తెలియలేదు.

సంచి రోడ్డు మీద పడేసి ఆమె బస్సు వెనక పరుగెత్తింది. శాలువా గాలికి లేచిపోతోంది. దాని కొసన వదులు క్లిప్పు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఊడిపోయేలా, ఊగుతోంది.

రాసినది: వీధిలో అందరూ బొత్తాలమ్మ అంటారు. వయసు డెబ్భై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది కూతురి ఇంట్లో వంటగది పక్క గది, కిటికీ కిందే బస్సులు ఆగుతాయి.